ఎడమ చేతి మీద నాలుగు గడులు

5 ఏప్రిల్ 1943, సోమవారం

విదేశీ ఉన్ని మైనం డబ్బా అయిపోయింది. అడుగున గరిటెతో గీకితే అరచెంచా వచ్చింది. దాన్ని చిన్న సీసాలో పెట్టి మూత బిగించాను. యుద్ధం ముగిసేదాకా ఓడల మీద ఇంకో డబ్బా రాదని నరసరావుపేట ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ రాసింది.

ఆ మైనం లేకపోతే మలాము లేదు. నూనె, నీళ్లు వాటంతట అవి కలవవు. రెంటినీ పట్టి ఉంచేది ఆ మైనమే. పట్టి ఉంచితేనే నీళ్లు చర్మాన్ని చల్లబరుస్తాయి, నూనె పగుళ్లను మూస్తుంది. విడిపోయిందా, అది మందు కాదు, పులుసు. ఇక్కడి సున్నపు బట్టీల్లో ఆడవాళ్లు కాల్చిన రాయి మీద నీళ్లు కొట్టి, విరిగిన పొడిని ఉత్త చేతులతో బస్తాలకెత్తుతారు. వాళ్ల అరచేతులు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంటాయి. రోజుకు పాతికమంది వస్తారు. ఎల్లుండి నుంచి ఏం ఇవ్వాలి?

డాక్టరమ్మ ఉత్తరంలో మిగతాది: "మీ వైపు గొర్రెలకు కొదవ లేదు కదా లీలావతీ. ఉన్ని ఉడకబెట్టి మైనం తీసి చూడు. నీళ్లు పట్టుకుంటుందా, చర్మానికి పడుతుందా, రెండూ తేల్చు. ముందు ఇద్దరి చేతుల మీద ఏడేసి రోజులు. తరవాతే రోగులకు."

ఇద్దరంటే కాంపౌండరుగా నేను, ఆయాగా మార్తమ్మ. ఈ డిస్పెన్సరీలో మూడో మనిషి లేరు. ఆయన పోయి పదకొండేళ్లు. అప్పట్నించీ ఈ గది, ఈ తక్కెడ, ఈ కల్వం, ఇవే నా సంసారం. తూకంలో నా మాట డాక్టరమ్మ కూడా కాదనదు. గొప్ప కోసం రాసుకోవడం లేదు. ఉన్న మాట.

7 ఏప్రిల్, బుధవారం

గొర్రెల పెదకోటయ్య రెండు గంపల నల్ల ఉన్ని తెచ్చాడు. అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు.

"ఏందమ్మా, ఉన్నిని ఉడకేసుకుని తింటారా ఏంది?"

"మైనం తీసి చేతులకు రాస్తాం."

"గొర్రె జిడ్డు మనిషికా!" అని చానాసేపు నవ్వాడు. "ఏమన్నా గానీ, మాది శుద్ధమైన ఉన్ని. కడగందే కత్తెర పెట్టం మేము. కావాలంటే వాసన చూసుకో."

వాసన చూశాను. గొర్రె వాసన, దాని కింద ఇంకేదో ఘాటు. కడిగిన ఉన్ని కదా అని సంతోషించాను.

రోజంతా చాకలి సోడాతో కాగులో ఉడికింది. మార్తమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని తిరిగింది.

12 ఏప్రిల్, సోమవారం

వచ్చింది! నాలుగుసార్లు కరిగించి, నాలుగుసార్లు కడిగి వడకడితే తేనెరంగు మైనం. వేలికి తగిలితే బంకగా సాగుతుంది. కల్వంలో కొంచెం నువ్వుల నూనెతో వేసి, నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ నూరాను. ఒక పాలు మైనం రెండు పాళ్ల నీళ్లు తాగేసింది. చూస్తుండగానే తెల్లబడి, వెన్నలా గట్టిపడింది. సీసాకెత్తి తలకిందులుగా నిలబెట్టాను. ఒక్క చుక్క జారలేదు.

విదేశీ మైనం కంటే ఏం తక్కువ? పట్టలేనంత ఆనందంగా ఉంది. పంచుకోవడానికి మార్తమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె "ఊ" అంది.

కల్వం పట్టుకుని పట్టుకుని ఎడమ చెయ్యి చిటికెన వేలు వంగిపోయింది. ఎంత లాగినా పూర్తిగా తిన్నగా రావడం లేదు. వయసు నలభై దగ్గరకొచ్చింది మరి.

13 ఏప్రిల్, మంగళవారం

ఎడమ ముంజేతి మీద తడి తగిలితే ఊదారంగు తేలే కాపీయింగ్ పెన్సిలుతో నాలుగు గడులు గీసుకున్నాను. మొదటి దానిలో ఉత్త నూనె. రెండో దానిలో సీసాలో దాచిన విదేశీ మైనం. మూడో దానిలో మా గొర్రె మైనం మలాము. నాలుగోది ఖాళీ. కుడి చెయ్యి పనికి కావాలి, అందుకని ఎడమ.

మార్తమ్మకు కూడా అలాగే నాలుగు.

14 ఏప్రిల్, బుధవారం

మంట లేదు. దురద లేదు. ఎరుపు లేదు.

15 ఏప్రిల్, గురువారం

మంట లేదు. దురద లేదు. ఎరుపు లేదు.

గురువారం కాబట్టి పొద్దున్నే వేపచెట్టు కింద పెద్దరోగం వాళ్లు. కుష్ఠు అనే మాట ఇక్కడ ఎవరూ నోట పలకరు. ముప్పై నలుగురికి చాల్‌మూగ్రా నూనె సూదులు వేశాను. కొత్తగా ఒకతను నాదెండ్ల వైపు నుంచి నడిచి వచ్చాడు. చెంప మీద పాలిపోయిన మచ్చ. స్పర్శ ఉందో లేదో చూడ్డానికి కళ్లు మూసుకోమని, "కోడి ఈకతో ముట్టుకుంటాను, ఎక్కడ తగిలిందో చెప్పు" అన్నాను. ఈక ఇంకా నా ఒళ్లోనే ఉంది, అతను "ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అని చెంప చూపించేస్తున్నాడు. నిజంగా ముట్టుకున్నప్పుడు మాట లేదు.

వీళ్లంతా ఇంతే. తెలియని చోట తెలిసిందంటారు. ఎవరిని మోసం చేద్దామని? నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగా కసిరాను. అతను కళ్లు మూసుకునే ఏడ్చాడు.

17 ఏప్రిల్, శనివారం

మార్తమ్మతో రభస.

"లీలమ్మా, మూడోది మండతంది. మొన్నట్నించీ చెబుతానే ఉన్నా."

"ఎరుపేదీ?"

చూపించింది. ఆమె చెయ్యి చెమటతో ముద్దయి, పెన్సిలు గీతలు ఊదారంగుగా కారి మోచేతిదాకా పాకాయి. ఏది ఏ గడో, ఏది ఎరుపో, ఏది ఊదానో చెప్పడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. పైగా మధ్యాహ్నమే నూతి దగ్గర సబ్బుతో తోమేసుకుందట. ముల్లు గుచ్చుకుంటే బొల్లాపల్లి దాకా వినపడేలా అరిచే మనిషి. ఈమె మాట పట్టుకుని పరీక్ష చెడగొట్టుకోనా?

~~మార్తమ్మ: మూడో గడి, మంట~~

కొట్టేశాను. లెక్కలోకి రాదు.

నా గడులు మాత్రం గీసినట్టే ఉన్నాయి. బయట రాళ్లు పేలిపోయే ఎండ, నా జాకెట్టు వీపున తడిసి అతుక్కుపోయింది, ఆ చెయ్యి మాత్రం పొడిగా ఉంది. మలాము చెమటను కూడా ఆపుతోందన్నమాట. ఇది డాక్టరమ్మకు రాయాలి.

రాస్తుంటే ఒకటి తోచింది. ఖాళీ గడి దగ్గర కూడా చెమట లేదు. పక్క గడుల నుంచి మలాము పాకి ఉంటుంది.

20 ఏప్రిల్, మంగళవారం

ఏడు రోజులు నిండాయి. మంట లేదు. దురద లేదు. ఎరుపు లేదు.

ఇద్దరి చేతుల మీద అని డాక్టరమ్మ మాట. మార్తమ్మ లెక్కలో లేదు కాబట్టి నేనే రెండోసారి మొదలుపెట్టాను. అదే చెయ్యి, కొంచెం కిందగా.

23 ఏప్రిల్, మంచి శుక్రవారం

చర్చి నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటున్నాను. బరబరమని ఏదో గీకుతున్న చప్పుడు. ఎలుకేమో అనుకున్నాను. పుట తిప్పాను. మళ్లీ బరబర. కిందికి చూస్తే ఒళ్లో పిల్లి. మూడో గడిని నాకుతోంది. ఎంతసేపటి నుంచో. ఆ చోట వెంట్రుకలన్నీ తడిసి పడుకుని ఉన్నాయి.

కాదు. వెంట్రుకలు లేవు. తడి మాత్రమే.

పిల్లిని తరిమాను. చదువులో పడితే నాకు లోకం తెలియదు, మా ఆయన కూడా అనేవాడు.

24 ఏప్రిల్, శనివారం

మంట లేదు. దురద లేదు. ఎరుపు లేదు.

25 ఏప్రిల్, ఈస్టరు

పాటలో అందరితో పాటు చప్పట్లు కొట్టాను. చప్పుడు రెండు చేతులదీ వినపడింది. దెబ్బ ఒక చేతికే తగిలింది.

ఎందుకు రాశానో ఇది.

27 ఏప్రిల్, మంగళవారం

పెద్ద ఎత్తున మలాము చేస్తుంటే కాగే మైనం ఎడమ చేతి మీద చిందింది. రూపాయి బిళ్లంత. చూస్తూ ఉన్నాను. తెల్లగా గడ్డకట్టింది. గోటితో లేపితే దానితో పాటు తోలు కూడా లేచి వచ్చింది. కింద తడిగా, ఎర్రగా. నొప్పి లేదు.

మలాము వేడి నుంచి కూడా కాపాడుతుంది. రాసుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది.

రెండో ఏడు రోజులూ నిండాయి. మంట లేదు. దురద లేదు.

28 ఏప్రిల్, బుధవారం

మొదటి సీసా బట్టీ బుజ్జమ్మకు ఇచ్చాను. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఆమె చేతులు ఎంత పగిలాయంటే అన్నం కలుపుకోలేక అత్త పున్నమ్మ ముద్దలు పెడుతోందట. సిగ్గుపడుతూనే చెప్పింది. అయినా నవ్వు మానదు.

"కొత్త మలామా అమ్మా? వెన్నపూస మాదిరున్నది."

"రెండు పూటలా రాయి. రాసి పాత గుడ్డ చుట్టుకో. ఆరు రోజుల తరవాత రా."

"మండిద్దా?"

"మండదు. పధ్నాలుగు రోజులు నా చేతి మీద చూశాను."

30 ఏప్రిల్, శుక్రవారం

డాక్టరమ్మకు రిపోర్టు రాసి, పన్నెండు సీసాలు గడ్డిలో పొదిగి రైలు పార్సిలుకు ఇచ్చి వచ్చాను. రిపోర్టులో: నీళ్లు పద్దెనిమిది రోజులైనా విడవలేదు. చర్మానికి హాని లేదు. రెండు పరీక్షలు చేశాను.

రెండు పరీక్షలు చేసిన మాట నిజమే కదా.

4 మే, మంగళవారం

బుజ్జమ్మను పున్నమ్మ, ఇంకో ఆడమనిషి చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. గుడ్డలు విప్పాను. వేళ్లు బెండకాయల్లా ఉబ్బాయి. పగుళ్లలోంచి రసి కారుతోంది. పెదవులు తెల్లగా. గడపలోనే వాంతి చేసుకుంది.

"నిప్పుల్లో పెట్టినట్టుందమ్మా. రాసిన కాడ్నుంచీ తల తిరుగుడే."

"మొదటి రోజే ఎందుకు ఆపలేదు?"

"మండదన్నారుగా. నా చేతులదే తప్పేమో అనుకున్నా."

పున్నమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

కడిగి, ఉత్త నూనె గుడ్డ చుట్టాను. ఇక్కడే వరండాలో మంచం వేయించాను.

5 మే, బుధవారం

పొద్దున్నే పెదకోటయ్య దొడ్డికి నడిచి వెళ్లాను. ఉన్ని దేనితో కడిగావని అడిగాను.

"పిడుదులు పోవాలంటే ఉత్త నీళ్లు చాలవు గదమ్మా. పొగాకు కాడలు ఉడకేసి, ఆ నీళ్లల్లో బట్టీ సున్నం ఇంత కలిపి, గొర్రెను మెడదాకా ముంచుతాం. మా తాతల కాడ్నుంచీ అంతే. సున్నం పడందే పొగాకు పట్టదు. నమిలేవోళ్లను అడుగు, చెబుతారు."

అదీ సంగతి. సున్నం తగిలితే పొగాకు ఎంత ఘాటెక్కుతుందో ఈ జిల్లాలో తెలియని వాళ్లెవరు? ఆ కషాయం ఇంకిన మైనాన్ని పచ్చి పగుళ్లలో పులిమాను. కడిగిన ఉన్ని అని చెప్పాడు, దేనితో కడిగావని ఒక్క మాట అడగలేదు నేను.

స్టేషనుకు వెళ్లి తంతి కొట్టించాను: సీసాలు వాడవద్దు, ఉన్నిలో పొగాకు, ఉత్తరం వస్తుంది.

అయినా పధ్నాలుగు రోజులు నా చేతి మీద ఉంది కదా అదే మలాము.

నా చర్మం గట్టిది.

6 మే, గురువారం

ముప్పై ఆరుగురు. నాదెండ్ల అతను మళ్లీ వచ్చాడు. ఈకను మార్తమ్మకు ఇచ్చి నేను సూదులు మాత్రం వేశాను. ఎండకు కళ్లు తిరుగుతున్నాయని చెప్పాను.

10 మే, సోమవారం

డాక్టరమ్మ జవాబు. మందలిస్తుందని భయపడుతూ విప్పాను. మందలింపు లేదు. "కాలిన పిల్లల వార్డులో ఈ సోమవారం మొదలుపెడదామని సీసాలు బల్ల మీద పెట్టుకున్నాను. సమయానికి ఆపావు. పొగాకు తగలని ఉన్నితో మళ్లీ చెయ్యి. మైనం గుణం మంచిదే, నీళ్లు బాగా పట్టుకుంటోంది. ముందులాగే పరీక్షించి పంపు. నీ చేతిని నమ్ముతాను."

కాలిన పిల్లల వార్డు.

నీ చేతిని నమ్ముతాను.

ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి మడిచి బైబిల్లో పెట్టాను. తరవాత తీసి మళ్లీ చదివాను.

11 మే, మంగళవారం

బెల్లంకొండ వైపు మందలకు ఇంకా పొగాకు స్నానం కాలేదట. ఆ ఉన్ని ఉత్తరం రాకముందే తెప్పించి ఉడకేసి ఉంచాను. ఇవాళ కొత్త మలాము నూరి, గడులు గీసుకుని రాసుకున్నాను. సాయంత్రం ఈ పుస్తకం తెరిచాను. కలం దానంతట అదే కదిలింది.

మంట లేదు. దురద లేదు. ఎరుపు లేదు.

రాశాక చూస్తే, రాసే ముందు నేను చేతి వైపు చూడనే లేదు.

12 మే, బుధవారం

బుజ్జమ్మ చేతులు వాపు తీశాయి. కట్టు మార్చడానికి కూర్చుంటే నా చేతి గడుల్ని చూసింది.

"మళ్లీ అదేనా అమ్మా?"

"ఇది వేరే ఉన్ని. మంచిది."

"ఆ చేతికే రాసుకున్నారా మళ్లీ?"

"అయితే ఏం?"

కట్టు గుడ్డ కొసను చూస్తూ మెల్లగా అంది. "మొన్న కట్టు తడిపేటప్పుడు కాగే నీళ్లు మీ చేతిన పడినయ్. మీరు చెయ్యి తియ్యలేదు. నేను అరిచా. మీరేమో నా చెయ్యి మండుతుందనుకుని దానికి ఊదారు."

గుర్తుంది. ఎందుకు అరిచిందా అనుకున్నాను.

"పాత మలాము ఉందిగా. ఒకసారి ఆ కుడి చేతికి రాసుకోండమ్మా. నాకు పెట్టిందే."

ఎంత పొగరు! కట్టు ముడి గట్టిగా లాగాను. లేచి వెళ్లి పాత సీసా తెచ్చాను. ఆమె ఎదురుగా కూర్చుని రెండు చేతుల మీదా గోటితో కొంచెం గీసి, అదే మలాము రెంటి మీదా రాశాను. చూడు, అన్నాను.

ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు కుడి చెయ్యి మండింది. కందిరీగ కుట్టినట్టు మొదలై, మోచేతిదాకా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తుండగానే ఎర్రగా పొంగింది. ఎడమ చెయ్యి పక్కనే ఉంది, పాలిపోయి, పొడిగా, గీసిన చోట కొంచెం నెత్తురుతో. ఏమీ జరగనట్టు. అది నా భుజానికి ఉంది కాబట్టి నాది అనుకోవాలి.

"మండిందా?" అంది బుజ్జమ్మ.

"మండింది."

"రెండోదో?"

కుడి చెయ్యి కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లాను. చాలాసేపు తోడుతూనే ఉన్నాను.

13 మే, గురువారం

అందరూ వెళ్లిపోయాక వేపచెట్టు కింద వాళ్లు కూర్చునే ముక్కాలి పీట మీద నేను కూర్చున్నాను. పట్టపగలు, చెట్టు మీద కాకులు, బట్టీ పొగ నేరుగా పైకి లేస్తోంది. మార్తమ్మకు ఈక ఇచ్చాను. ఆమె ఏమీ అడగలేదు. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో?

కళ్లు మూసుకున్నాను. ఎడమ చెయ్యి చాపాను.

తగిలింది. మోచేతికి కిందగా, గాలి తగిలినట్టు. "ఇక్కడ," అన్నాను. మళ్లీ తగిలింది, మణికట్టు దగ్గర. "ఇక్కడ." మళ్లీ. "ఇదిగో, ఇక్కడ." నాకు ప్రాణం లేచి వచ్చింది. అన్నీ తెలుస్తున్నాయి, నవ్వొచ్చింది కూడా. బుజ్జమ్మ మాట పట్టుకుని ఎంత భయపడ్డాను!

"లీలమ్మా," అంది మార్తమ్మ. గొంతు దూరంగా వచ్చింది. "నేనింకా ఈక కడుక్కుంటన్నా, అమ్మా."

కళ్లు తెరిస్తే ఆమె బకెట్టు దగ్గర ఉంది. నాకు పది అడుగుల అవతల.

దగ్గరికి వచ్చింది. మళ్లీ మూసుకున్నాను. ఈసారి ఏమీ తగల్లేదు. మొదలుపెట్టమని చెప్పాను. ఆమె మాట్లాడలేదు. మొదలుపెట్టవేం అని గట్టిగా అరిచి కళ్లు తెరిచాను. ఈక నా మణికట్టు మీద ఉంది. మార్తమ్మ ఏడుస్తోంది. స్పర్శ లేనంత మేరా పెన్సిలు గీత మోచేతి నుంచి చిటికెన వేలి దాకా అప్పటికే గీసేసి ఉంది.

భయంగా ఉంది. నాకు చాలా భయంగా ఉంది.

14 మే, శుక్రవారం

డాక్టరమ్మకు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. నాలుగుసార్లు.

మిషన్ నియమం నాకు తెలుసు, ఆ కాగితం గోడకు నేనే అంటించాను. ఈ రోగం ఉన్నవాళ్లు మందులు కలపకూడదు, రోగుల్ని తాకకూడదు, పెద్దరోగం వాళ్ల కాలనీకి వెళ్లాలి. గది తాళాలు, తక్కెడ, కల్వం అప్పగించాలి. అది అంత తేలిగ్గా అంటుకోదు అని పదకొండేళ్లు ఊరూరా చెప్పాను. చెప్పి, ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు కడుక్కునేదాన్ని.

చెప్పకపోతే ఏమవుతుంది? పిల్లల సీసాలు ఆగాయి. కొత్త మలాము మంచిదే కావచ్చు. ఇక మీదట మార్తమ్మ చేతి మీదే పరీక్ష చేస్తాను. పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకుంటాను. ఎవరికి నష్టం?

సాయంత్రం బుజ్జమ్మ ఇంటికి వెళ్తూ వచ్చింది. కొత్త మలాము సీసా ఇమ్మంది.

"భయం లేదా?"

"మీరు మండదంటే రాసుకుంటా. మీ మాటే నాకు మందు గదమ్మా. నా అంతట నాకేం తెలుస్తది?"

ఇన్ని జరిగాక కూడా. ఆమె మాటల్లో ఎగతాళి వెతికాను. లేదు.

సీసా ఇవ్వలేదు.

15 మే, శనివారం

రాశాను. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను, రేపు నేను రాయలేదని నాకు నేనే చెప్పుకోకుండా.

"అమ్మగారికి, లీలావతి నమస్కరించి రాయునది. ఏప్రిల్ 30 నాటి నా రిపోర్టు తప్పు. రెండు పరీక్షలు అని రాశాను. రెండూ ఒకే చేతి మీద. మార్తమ్మ మంట అని చెప్పింది, నేను కొట్టేశాను. నా ఎడమ చేతికి మోచేతి కింద నుంచి స్పర్శ లేదు. చెమట లేదు, వెంట్రుకలు లేవు, చిటికెన వేలు వంగింది. ఎప్పటి నుంచో చెప్పలేను. కాబట్టి ఆ చేతి మీద చూసింది ఏదీ చెల్లదు. మే 11న పెట్టిన కొత్త మలాము పరీక్ష కూడా చెల్లదు. నీళ్లు పట్టుకోవడం వరకూ రాసినది సరిగ్గానే ఉంది, అది సీసాలో చూసింది. చర్మం సంగతి మార్తమ్మ చేతి మీద, మీకు నమ్మకమైన ఇంకొకరి చేతి మీద చూడగలరు. తాళాలు మార్తమ్మ దగ్గర ఉన్నాయి. ఈ నెల 20 గురువారం మీరు వస్తే నన్ను చూడగలరు. మీరు నా చేతిని నమ్ముతానన్నారు. నమ్మవద్దు."

స్టేషను దాకా నేనే నడిచి వెళ్లి వేశాను. డబ్బాలో పడిన చప్పుడు వినపడేదాకా నిలబడ్డాను.

16 మే, ఆదివారం

ఏప్రిల్ 17 పుట తెరిచి కొట్టేసిన వాక్యం కింద మళ్లీ రాశాను.

మార్తమ్మ: మూడో గడి, మంట.

ఆమెకు చూపించాను. చదవడం రాదు, అయినా చాలాసేపు చూసింది.

"నా పేరేనా?"

"నీ పేరే."

18 మే, మంగళవారం

మార్తమ్మ చేతి మీద కొత్త మలాము మూడో రోజు. చెమటకు గీతలు కారకుండా గుడ్డ కట్టి చూస్తున్నాం. పూటపూటా అడుగుతున్నాను.

"ఎట్లా ఉంది?"

"చల్లగుందమ్మా."

"మంట?"

"లేదు."

"నిజంగా?"

"మండితే చెప్పనా? ఊరుకునే దాన్నా నేను?"

చల్లగా ఉంది అని రాశాను. ఇన్ని రోజుల్లో ఆ మాట నేను ఒక్కసారి కూడా రాయలేదు.

20 మే, గురువారం

డాక్టరమ్మ పొద్దుటి బండికి దిగింది. నేను వరసలో కూర్చున్నాను, ముప్పై ఏడో మనిషిని. నా పక్కన నాదెండ్ల అతను. నన్ను చూసి కొంచెం జరిగి చాప మీద చోటిచ్చాడు. పోయిన నెల కసిరినందుకు తప్పయిపోయిందని చెప్పాను. దేనికో అతనికి అర్థం కాలేదు, తల ఊపాడు.

నా వంతు వచ్చింది. పీట మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ఈక తీసుకుంది.

"కళ్లు మూసుకో లీలావతీ. తగిలినప్పుడు చెప్పు."

మూసుకున్నాను. వెంటనే తగిలింది, మోచేతి కింద, మణికట్టు మీద, వేళ్ల మీద, అంతటా. "ఇక్కడ" అనే మాట పళ్ల దాకా వచ్చింది. పళ్లు బిగించాను. చెప్పలేదు. కాకులు అరుస్తున్నాయి. బట్టీలో ఎవరో కాలిన రాయి మీద నీళ్లు కొట్టిన చప్పుడు, సున్నం బుసకొట్టిన చప్పుడు వినపడ్డాయి. వెనక బుజ్జమ్మ మార్తమ్మను ఏదో అడుగుతోంది, మార్తమ్మ ఊరుకోమంటోంది. నేను కాచుకుని కూర్చున్నాను.

"ఇక కళ్లు తెరువు, అమ్మా," అని డాక్టరమ్మ అనేదాకా, ఆమె మొదలుపెట్టిందో లేదో నాకు తెలియలేదు.